ఉప్పు ఉరుకుందు కొర్రన్నం

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా జ్ఞాపకం లేని కాలం. నల్లమల కొండలకు పడమరగా, నల్లరేగడి చేల నడుమ ఒక పల్లె. ఆ పల్లెలో ఉరుకుందు అని ఒక ఉప్పు మనిషి ఉండేవాడు. గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. ఉప్పు పోసి గింజలు పోయించుకునేవాడు. ఒక ఊళ్లో జొన్నలు, ఒక ఊళ్లో సజ్జలు, ఒక ఊళ్లో కొర్రలు. మూడు గాడిదలు, ఒక గుడిసె. ఇంట్లో భార్య సుంకులమ్మ. పిల్లలు లేరు.

వాడి పేరులోనే ఉరుకు ఉందని ఊరంతా నవ్వేది. నిజమే. నిలబడితే మడమ ఆడేది. పడుకుంటే బొటనవేలు ఆడేది. కూర్చోగా మాత్రం ఎవరూ చూడలేదు. అరుగు మీద నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటుంటే వాడు పక్కన నిలబడేవాడు, మాట పూర్తికాకముందే వెళ్లిపోయేవాడు. తిండి కూడా అంతే. సుంకులమ్మ సంగటి కెలికి ముద్ద చేసేలోగా వాడు పాత రొట్టె ముక్క చేతబట్టుకుని గాడిదల వెనక నడుస్తూ ఉండేవాడు. వేడి కుండ ముందు ఆమె ఒక్కతే కూర్చునేది.

వాడి కాలు ఆగేది కాదు. మనసు ఆగేది కాదు.

ఒక ఏడు వానలు మొదలైనప్పుడు సుంకులమ్మకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ ఆకలిని కూడా వెంటబెట్టుకుని పోయింది. గంజి తాగితే కక్కేది. సంగటి చూస్తే మొహం తిప్పుకునేది. చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారేవి.

ఉరుకుందుకు గుబులు పుట్టింది. గుబులు పుడితే వాడికి తెలిసింది ఒకటే, పరుగు.

ఏటి ఒడ్డు ఊళ్లలో వరి పండుతుందని, దొరలు తెల్లన్నమే తింటారని ఎవరో చెప్పారు. వాడు పరుగెత్తాడు. వాగులు దాటి పోయాడు, తువ్వాలులో బియ్యం మూటగట్టుకుని వచ్చాడు. పక్కింటి మాదమ్మ ఆ బియ్యం వండి పెట్టింది. అన్నం మల్లెమొగ్గల్లా విచ్చుకుంది. సుంకులమ్మ రెండు ముద్దలు తిని, దూది నమిలినట్టుందని పక్కకు పెట్టేసింది.

వాడి కాలు ఆగలేదు. మనసు ఆగలేదు.

కొండ తేనె తాగితే పోయిన ప్రాణం తిరిగొస్తుందని ఇంకెవరో చెప్పారు. వాడు మళ్లీ పరుగెత్తాడు. అడవిలోకి పోయి, తేనె పట్టేవాళ్ల కాళ్లావేళ్లా పడి సొరకాయ బుర్రలో తేనె తెచ్చాడు. సుంకులమ్మ వేలితో ఒకసారి నాకింది. తేనె ఎక్కడిదని అడగలేదు. ఎంత దూరం పోయావనీ అడగలేదు. మళ్లీ ఎప్పుడు పోతావని మాత్రం అడిగింది.

ఆ మాట వాడి చెవిన పడింది గానీ తలలోకి ఎక్కలేదు. తెల్లవారగానే గాడిద మీద గంత వేసి తాడు బిగిస్తున్నాడు. దొరల కోటలో గోధుమపిండి దొరుకుతుందట, అది తెస్తాడట. మాదమ్మ పేడ చేతులతోనే వాకిట్లోకి వచ్చి నిలబడింది. వాడు లేని రోజుల్లో సుంకులమ్మ దారివైపే చూస్తూ పడి ఉందని చెప్పింది. ఈసారి పోతే తిరిగొచ్చేసరికి ఎదురుచూసే మనిషి ఉండదని కూడా చెప్పింది. ఉరుకుందు విన్నాడు. వింటూనే తాడు ముడివేశాడు.

అప్పుడు సుంకులమ్మ గోడ పట్టుకుని, గడప మీద చేతులూని, దేకుతూ బయటికి వచ్చింది. వాడి పంచె కొంగు పట్టుకుంది.

"యాడికి పోతాండావు?"

"కోటకు. గోధుమపిండి తెస్తా. అది తిన్నావంటే..."

"ఇంట్లో కొర్రలు ఉండాయి గదా. అవి వండు. నేను తింటా. నువ్వు కూడా నా పక్కన కూర్చుని తినాల."

కూర్చుని అన్న మాటకు వాడి మోకాలు వణికింది. అయినా పంచె కొంగు విడిపించుకోలేకపోయాడు. ఆ పట్టులో బలమే లేదు. లేదు కాబట్టే విడిపించుకోలేకపోయాడు.

ఉరుకుందు పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించినవాడు కాడు. సుంకులమ్మ మంచం మీద నుంచి చెబుతుంటే వాడు చేశాడు. కొర్రలు రోట్లో పోసి దంచాడు. పొట్టు పోతే చాలు, తెల్లగా చేస్తే గింజలో సత్తువ పోతుందని ఆమె చెప్పింది. చేటలో చెరగడం రాక సగం కోళ్ల పాలు చేశాడు. మిగిలినవి కడిగాడు. పసులు మేతకు పోయినప్పుడు నానబోస్తే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నాననియ్యాలని ఆమె చెప్పింది. వాడు నాలుగు మార్లు వీధి చివరిదాకా పోయి వచ్చాడు, ఇంక ఆగలేక పొయ్యి మీద పెట్టేశాడు. అన్నం ఉడికింది గానీ గింజ గింజలోనూ పలుకు మిగిలిపోయింది. పంటికింద ఇసుకలా కరకరలాడింది.

మర్నాడు మళ్లీ దంచాడు. ఈసారి నాననిచ్చాడు. ఎసరు మరిగాక గింజలు పోసి సన్న సెగ మీద ఉంచమంది సుంకులమ్మ. సన్న సెగకు వాడు ఓర్చలేకపోయాడు. కంపలు తెచ్చి పొయ్యిలో కుక్కాడు. అడుగు మాడింది, పైన నీళ్లు నిలిచాయి. మాడు వాసనకు సుంకులమ్మ దగ్గింది. వాడు కుండ ఎత్తుకుపోయి పెంటదిబ్బ మీద గుమ్మరించి, అక్కడే నిలబడి తలబాదుకున్నాడు. కోట దారి వైపు చూశాడు. కాళ్లు అటే లాగాయి. పోయి ఉండేవాడే. వెనక్కి తిరిగితే గడపలో సుంకులమ్మ కనబడింది. చేట పట్టుకుని కూర్చుని ఉంది, మిగిలిన కొర్రలను వణికే చేతులతో చెరుగుతూ ఉంది.

వాడు వచ్చి చేట అందుకున్నాడు.

మూడోసారి నాననిచ్చాడు. సన్న సెగ పెట్టాడు. నీళ్లు ఇంకాక నిప్పులన్నీ పక్కకు లాగి, కుండ మీద మూకుడు బోర్లించాడు. ఇక తినడమే అనుకున్నాడు. కాదంది సుంకులమ్మ. ఉమ్మగిల్లాలి, లోపలి ఆవిరి లోపలే తిరిగి గింజ నడుముకు ఎక్కాలి, అప్పటిదాకా మూత తీయగూడదంది. వాడు వాకిట్లోకి పోయాడు, వచ్చాడు. మూత మీద చెయ్యి వేశాడు, తీశాడు. మళ్లీ వాకిట్లోకి పోబోయాడు.

"కూర్చోవయ్యా," అంది ఆమె.

వాడు కూర్చున్నాడు. మోకాలు ఆడింది. చెంపల మీద చెమట కారింది. ఎవరో తరుముతున్నట్టు వాడి కళ్లు గుమ్మంలోకే పరుగెత్తాయి. అప్పుడు, అన్నేళ్ల కాపురంలో ఎన్నడూ చెప్పని మాట చెప్పాడు.

"చిన్నప్పుడు కరువొచ్చింది. నాయనా నేనూ గింజలకని నడుస్తాంటిమి. రవ్వంతసేపు కూర్చుంటాన్రా అన్న్యాడు నాయన. దారి పక్కన కూర్చున్నాడు. మళ్లా లేయలేదు. అప్పటినుంచి నేను కూర్చుంటే నాకు ఊపిరాడదు."

సుంకులమ్మ ఎముకలు తేలిన చెయ్యి తెచ్చి వాడి మోకాలి మీద పెట్టింది.

"మీ నాయన ఆకలితో కూర్చున్న్యాడు. నువ్వు అన్నం ముందర కూర్చున్న్యావు."

మోకాలు ఆడుతూనే ఉంది. చెయ్యి కదలలేదు. కుండలో చిటపటలు సద్దుమణిగాయి. అప్పుడు ఆమె తలూపింది, వాడు మూత తీశాడు. పసుపుపచ్చటి కొర్రన్నం, ఏ గింజకాగింజ, మెత్తగా. చింతచిగురు పప్పు మాదమ్మ ఇచ్చి పోయింది. ఇద్దరూ ఒక్క కంచంలోనే తిన్నారు. సుంకులమ్మ నాలుగు ముద్దలు తిని, నీళ్లు తాగి, ఇంకో ముద్ద తింది. వేడి వేడి అన్నం ఎలా ఉంటుందో ఉరుకుందుకు ఆ రోజు తెలిసింది.

ఆ వానాకాలమంతా వాడు ఉప్పుకు పోలేదు. ఒకనాడు కొర్రన్నం, ఒకనాడు జొన్న సంగటి, ఒకనాడు సజ్జ రొట్టె మీద వెన్న. సుంకులమ్మ ముందు గోడ పట్టుకుని నడిచింది, తర్వాత గోడ వదిలి నడిచింది, తర్వాత బావికి పోయి బిందె ఎత్తుకొచ్చింది. బిందె దించి, ఇక దారి పట్టమని తనే చెప్పింది.

ఉరుకుందు మళ్లీ దారి పట్టాడు. మారిపోయాడని అనుకునేరు. ఏమీ మారలేదు. అదే పరుగు, అదే ఆరాటం. కానీ ఇప్పుడు గాడిద మీద ఉప్పుతోపాటు ఒక మట్టికుండ ఉండేది. ఏ ఊళ్లో పొద్దెక్కితే ఆ ఊళ్లో మూడు రాళ్లు పెట్టి ఆ ఊరి గింజనే వండేవాడు.

ఆ రోజుల్లో కొర్రలూ సజ్జలూ పేదల తిండి అని జనం సిగ్గుపడేవాళ్లు. చుట్టం వస్తే సంగటి కుండ మంచం కిందికి తోసి, పక్కింటి నుంచి బియ్యం బదులు తెచ్చి వండేవాళ్లు. ఒక ఇల్లాలు అలాగే తోస్తుంటే ఉరుకుందు చూశాడు. అక్కా, ఆ కుండే కావాలి, దానికోసమే వచ్చానని అడిగి, బయటికి లాగించి, వాకిట్లో అందరూ చూస్తుండగా ఉల్లిగడ్డ నంచుకుని తిన్నాడు. దారినపోయేవాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టాడు. ఆ వీధిలో మరి ఎవరూ కుండలు దాచలేదు. వాడి కుండ ఉమ్మగిల్లేదాకా పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. ఆడే ఆ మోకాలి మీద ఎక్కి ఉయ్యాల ఊగేవాళ్లు. కుండ దిగాక, మూత తీసేలోగా, ఆ కొంచెంసేపే వాడు కూర్చునేది. తిన్నాక మళ్లీ పరుగే.

చాలా ఏళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం మూడు గాడిదలూ ఉప్పుతో ఇంటికి వచ్చాయి. వాటి వెనక మనిషి లేడు.

సుంకులమ్మ గాడిదలను కట్టెయ్యను కూడా కట్టెయ్యలేదు. అవి వచ్చిన దారినే నడిచింది. రెండు ఊళ్ల నడిమి బాటలో జనం గుమిగూడి ఉన్నారు. వడదెబ్బ తగిలి నడుస్తూనే కూలిపోయాడని చెప్పారు. మా ఊరివాడంటే మా ఊరివాడని రెండు ఊళ్లవాళ్లూ తగవు పడుతున్నారు. ఎవరి పొలిమేరకూ చెందకుండా బాట పక్కనే పూడ్చిపెట్టమంది సుంకులమ్మ.

మూడో దినానికి వాడు ఉప్పు పోసిన ఊళ్లన్నీ వచ్చాయి. ఎవరింటి గింజ వాళ్లు తెచ్చారు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, అరికెలు. అన్నీ ఒకే కుండలో పోద్దామన్నారు. ఏ గింజ పొద్దు దానిదే, ఒకదానికోసం ఇంకొకటి ఉడకదని సుంకులమ్మ వేరువేరు కుండలు పెట్టించింది. బాట పొడుగునా పొయ్యిలు మండాయి. కుండలు దిగాయి, మూతలు పడ్డాయి.

ఎండ మాడుస్తోంది. దూరాలు పోవాల్సినవాళ్లు, పసులను విడిచి వచ్చినవాళ్లు, చంటిపిల్లల తల్లులు. ఒకరు లేచి నిలబడతారు, ఒకరు పొద్దు చూస్తారు, ఒకరు మూత మీద చెయ్యి వేస్తారు. ఇంకా ఎంతసేపని ఒక పెద్దాయన అడగనే అడిగాడు.

సుంకులమ్మ కుండల పక్కన నేలమీద కూర్చుని ఉంది. తలెత్తలేదు.

"ఆయప్పను కూర్చోనీండి," అంది. "కూర్చున్నాక తీద్దాం."

నిలబడినవాళ్లు ఒక్కొక్కరుగా నేలమీద కూర్చున్నారు. అంత జనంలో గాడిద చెవి విదిలిస్తే వినబడేంత నిశ్శబ్దం. ఆవిరి సద్దుమణిగాక ఆమే లేచి మొదటి మూత తీసింది.

అప్పటినుంచి ఆ పక్క ఊళ్లలో కొర్రన్నం కుండ దించితే వెంటనే ఎవరూ మూత తీయరు. ఎంత తొందర ఉన్నా, ఎవరు వాకిట్లో పిలుస్తున్నా, ఇంట్లోవాళ్లంతా వచ్చి నేలమీద కూర్చోవాల్సిందే. ఆకలైన పిల్లలు అన్నం అయిందా అని కుండ చుట్టూ తిరుగుతారు.

"అయింది నాయనా," అంటుంది తల్లి. "ఉరుకుందు ఇంకా కూర్చోలేదు."