బిందె నడక

ఇది చెప్పేటప్పుడు ముందుది వెనకా, వెనకది ముందూ చెబుతానేమో. జకరయ్య మాస్టారి దగ్గర ప్రతి బొమ్మ కాగితానికీ పైమూల ఒక నంబరు ఉండేది. ఫ్యాను గాలికి చెదిరిపోయినా నంబరు చూసి మళ్ళీ పేర్చుకునేవాళ్ళం. నా జ్ఞాపకాలకు ఆ నంబర్లు లేవు. అందుకని గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను.

మాస్టారి శిష్యుడు ముకుందానికి వచ్చిన చిక్కు ఇది: తన గురువు దొంగ అని అతనికి అనుమానం కలిగింది.

అప్పుడు మేం మద్రాసులో ఉన్నాం. కోడంబాకంలో ఒక పచారీ కొట్టు మీద మేడగది. అక్కడ మాస్టారు కదిలే బొమ్మల సినిమాలు తీసేవారు. సినిమాలంటే మూడు గంటలవి కావు. హాల్లో అసలు సినిమాకు ముందు వేసే రెండు నిమిషాల ముక్కలు. పళ్ళపొడి, గొడుగులు, నీళ్ళు కాచి తాగండి, అలాంటివి. మాస్టారూ ఆయన శిష్యులు ముకుందం, ఇబ్రహీం బొమ్మలు గీసేవారు. నేను వాటిని అద్దంలా అవతలిది కనిపించే పల్చని రేకుల మీదికి ఎత్తి, వెనకవైపు రంగులు పూసేదాన్ని. ఒక్క అడుగు వేయించడానికి డజను బొమ్మలు కావాలి. అద్దం బల్ల కింద దీపం వెలిగించి, ఒక కాగితం మీద ఇంకో కాగితం పెట్టి, కింది బొమ్మ కనిపిస్తూ ఉండగా పై బొమ్మ గీసేవారు.

ఊళ్ళో ఒక ఫిలిం సొసైటీ ఉండేది. నెలకో ఆదివారం ఎక్కడెక్కడి దేశాల బొమ్మల సినిమాలో తెప్పించి వేసేవారు. ఆ ఏడు వాళ్ళకు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయాలని బుద్ధి పుట్టింది. లోకంలో ఇంతవరకు వచ్చిన బొమ్మల సినిమాల్లో గొప్పవి పది ఏవి? సభ్యులందరూ సభలో వాదించుకుని తేల్చాలి.

సభ రెండు నెలలుందనగానే మా గదిలో వాదన మొదలైంది.

ముకుందం దగ్గర నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది. చూసిన ప్రతి సినిమాకూ అందులో కదలికకు ఇన్ని, రంగుకు ఇన్ని, సంగీతానికి ఇన్ని అని మార్కులు వేసేవాడు. ఇబ్రహీం తను పెట్టిన టీకి కూడా అందులో మార్కులుంటాయని, పదికి ఆరు దాటి ఎప్పుడూ రాలేదని అంటుండేవాడు. ఇబ్రహీందీ నెల్లూరే, ముకుందందీ నెల్లూరే. ఒకే గదిలో అద్దెకుండేవారు. మాటామాటా అనుకోనిదే వాళ్ళకు పొద్దు గడిచేది కాదు.

ఇబ్రహీంకు ఒక నక్క పెళ్ళి సినిమా ఇష్టం. నక్క తోక నక్కను వదిలేసి వేరే పెళ్ళి చేసుకుంటుంది. రెండున్నర నిమిషాలు.

"నవ్వొస్తే గొప్ప సినిమా అయిపోతే, మన పళ్ళపొడి సినిమా కూడా గొప్పదే" అన్నాడు ముకుందం.

"కాదని ఎవరన్నారు?" అన్నాడు ఇబ్రహీం.

ముకుందం పట్టికలో మొదటిది పోలెండు నుంచి వచ్చిన సినిమా. పదకొండు నిమిషాలు. మాటలు లేవు. ఒక ముసలమ్మ మంచులో పాలబిందె మోసుకుంటూ రైలు స్టేషను దాకా వెళుతుంది. అంతే కథ. దాని పేరు మాకు నోరు తిరగక పాలమ్మ అనేవాళ్ళం.

మాస్టారిని ఏది గొప్పది అని ఎన్నిసార్లు అడిగినా తేల్చేవారు కాదు. నక్క పెళ్ళి బాగుంది అన్నారు. పాలమ్మ బాగుంది అన్నారు. ముకుందానికి ఒళ్ళు మండేది. ఇరవై ఏళ్ళు ఈ పని చేసిన మనిషికి ఏది మేలో తెలియదా? తెలిసీ చెప్పడం లేదంటే ఏదో ఉంది అన్నాడు నాతో.

ఆ ఏదో ఏమిటో వెతకడం అక్కడ మొదలైంది.

పాలమ్మను వేసిన ఆదివారం మాస్టారు కూడా వచ్చారు. ముసలమ్మ బిందె చంకనెత్తుకుని పదడుగులు వేయగానే లేచి బయటికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ముకుందం అది చూశాడు. రోజూ తెల్లవారుజామున మాస్టారు గుడ్డసంచీ ఒకటి భుజాన వేసుకుని ఎక్కడికో వెళ్ళివస్తారు. అది కూడా చూశాడు. గదిలో మూలనున్న ఇనప్పెట్టెకు ఎప్పుడూ తాళమే. అందులో విదేశీ రీళ్ళుంటాయని, తలుపేసుకుని చూసి దింపుకుంటారని అతని ఊహ.

ఇంతకీ అతన్ని పట్టుకున్నది ఒక నడక. మూడేళ్ళ కిందట మాస్టారు తీసిన "నీళ్ళు కాచి తాగండి" ముక్కలో ఒకావిడ బిందె మోస్తుంది. ఆ నడకను చూడడానికే బొమ్మల సినిమాలు తీసేవాళ్ళు ఎక్కడెక్కణ్ణుంచో మా మేడ ఎక్కేవారు. ఏడో అడుగు దగ్గర ఆవిడ అర క్షణం ఆగుతుంది. కుడిభుజం కొంచెం కిందికి జారుతుంది. మళ్ళీ కదులుతుంది. పాలమ్మ కూడా సరిగ్గా అలాగే ఆగింది. పాలమ్మ తీసి అప్పటికి పదేళ్ళయింది.

ఫిలిం డబ్బాలు వెనక్కి పంపే పని ఇబ్రహీంది. ముకుందం బతిమాలి ఆ రీలు రెండు రోజులు ఉంచేసుకున్నాడు. చేత్తో తిప్పి చూసే చిన్న యంత్రం మీద పల్చని కాగితం పెట్టి ఆ నడకంతా దింపాడు. బొమ్మలు అగ్గిపెట్టెంత వచ్చాయి. గళ్ళు గీసి ఒక్కొక్కటీ పెద్దది చేశాడు. మాస్టారి బొమ్మల మీద వాటిని పరిచి, అద్దం బల్ల కింద దీపం వేసి నన్ను పిలిచాడు.

"పంకజం అక్కా, మీరే చూడండి."

చూశాను. భుజం మీద భుజం కూర్చుంది. మోకాలి మీద మోకాలు కూర్చుంది.

అక్షరాలు కూడబలుక్కుని చదివే నన్ను పనిలో పెట్టుకుని, పుస్తకాలు తెచ్చిచ్చి, ఇంతదాన్ని చేసిన మనిషి ఆయన. అయినా నేనూ అనుమానించాను. దాచుకోవడం ఎందుకు? పోలెండు ముసలమ్మ శాలువా మట్టిరంగు. మన ఆవిడ చీరకు నీలం వేయమన్నారు మాస్టారు. అది కూడా కప్పిపుచ్చడానికేనేమో అనిపించింది. అనుమానం వచ్చాక కలవనిది కూడా సాక్ష్యమే అవుతుంది.

ముకుందం రెండు కాగితాలు రాసుకున్నాడు. ఆదివారం సభలో మొదటి సినిమా పేరు చెప్పి, ఎందుకు మొదటిదో చెప్పి, దాన్ని మన ఊళ్ళో ఎవరు దొంగిలించారో కూడా చెబుతాడట. ఆ తర్వాత మాస్టారికి ఎవరూ పని ఇవ్వరు. ముకుందానికి గురువు ఉండడు. ఆ రెండూ అతనికి తెలుసు. రాసిన మర్నాటి నుంచి అన్నం సరిగా తినలేదని ఇబ్రహీం చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం ముకుందం ఆ బొమ్మలు తెచ్చి మాస్టారి బల్ల మీదే పరిచాడు. దీపం వేశాడు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. కాగితాలు వేళ్ళ మధ్య పెట్టుకుని టపటపా తిప్పారు. పాలమ్మ నడిచింది, ఆగింది, నడిచింది.

"చాలా శ్రద్ధగా చేశావయ్యా" అన్నారు.

తర్వాత మొలలోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి, ఇనప్పెట్టె చూపించారు.

పెట్టెలో రీళ్ళు లేవు. నవారుతో కట్టిన కాగితాల కట్టలున్నాయి. అన్నీ బిందెలు మోసే ఆడవాళ్ళే. చంకన, నెత్తిన, భుజాన. ప్రతి కట్ట మీదా తేదీ ఉంది. కొన్ని పాలమ్మ కంటే పాతవి.

ముకుందం కట్టలన్నీ తిరగేసి నిలబడ్డాడు. అయినా వెనక్కి తగ్గలేదు.

"తేదీలు ఎప్పుడైనా వేసుకోవచ్చు మాస్టారూ."

ఇబ్రహీం విసురుగా లేచాడు. మాస్టారు చెయ్యెత్తి కూర్చోబెట్టారు.

"నిజమే, వేసుకోవచ్చు" అన్నారు. "సభ ఎన్నింటికి?"

"సాయంత్రం నాలుగింటికి."

"అయితే పొద్దున ఖాళీయేగా. అయిదింటికి వీధి కొళాయి దగ్గరికి రా. చదవబోయే కాగితాలు కూడా తెచ్చుకో."

మా వీధికి ఒకటే కొళాయి. పొద్దున అయిదింటికొకసారి, సాయంత్రం ఆరింటికొకసారి నీళ్ళొచ్చేవి. నేనూ అక్కడే పట్టుకునేదాన్ని. ఆ పొద్దున నేను వరసలో తొమ్మిదో మనిషిని. ముకుందం తలదువ్వుకుని, జేబులో కాగితాలతో వచ్చాడు. వాటిని లాక్కోవడానికి మాస్టారు ఎవరినో పెట్టి ఉంటారని అతని భయం. సందు మలుపులో ఇబ్రహీంను కాపలా ఉంచాడు. ఇబ్రహీం అక్కడ గోడకానుకుని నిద్రపోతున్నాడు.

మాస్టారు ఎదురింటి మెట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించారు. సంచీలోంచి అట్ట, కాగితాలు, పెన్సిలు తీశారు.

వరసలో ముందున్నది కన్నియమ్మ. చేపల బజారులో అమ్ముతుంది. కొత్త మగవాణ్ణి చూసి, నడుమ్మీద చెయ్యి వేసుకుని, ఎవరితను అని అరవంలో అడిగింది. నా శిష్యుడు అన్నారు మాస్టారు. పెద్దాయన సంగతి మాకు తెలుసు, మా అమ్మ బతికున్నప్పుడు ఆమెను గీసేవాడు, ఇప్పుడు నన్ను గీస్తున్నాడు, మరి ఈయన కళ్ళు ఎక్కడ పెట్టడానికి వచ్చినట్టు అందామె. ఆడవాళ్ళందరూ నవ్వారు. ముకుందం తల దించుకున్నాడు.

"తల దించితే ఎలా? చూడు" అన్నారు మాస్టారు.

కన్నియమ్మ బిందె నిండింది. ఎత్తి చంకన పెట్టుకుని నడిచింది. ముకుందం లెక్కపెడుతున్నట్టు అతని పెదవులు కదులుతున్నాయి. కన్నియమ్మ అర క్షణం ఆగింది. కుడిభుజం కిందికి జారింది. బిందెలో నీళ్ళు ఒకసారి ఊగి, అంచు దాకా వచ్చి, తగ్గాయి. మళ్ళీ నడిచింది.

ఎన్నో అడుగో నేను చూసుకోలేదు. ముకుందం పెదవులు మాత్రం ఆగిపోయాయి.

రెండో ఆమె వెళ్ళింది. ఆమె బిందె చిన్నది. నాలుగో అడుగులోనే ఆగింది. మూడో ఆమె చంకన ఒకటి, నెత్తిన ఒకటి. రెండుసార్లు ఆగింది. తర్వాత ఒక ముసలామె వంతు వచ్చింది. ఆగి, నీళ్ళు కుదుటపడేదాకా నిలబడి, బిందెను ఏదో తిట్టి కదిలింది.

కన్నియమ్మ ఎవరితోనో మాటల్లో పడి ఇంకా సందు చివర కనిపిస్తూనే ఉంది. మాస్టారు పెన్సిలు చెక్కుకుంటూ అటు చూపించారు.

"ముకుందం, ఆవిడ వెనకాలే వెళ్ళు. పోలెండు సినిమా ఎక్కడ చూసిందో కనుక్కుని రా."

ముకుందం వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి మాస్టారు అట్టను అతని ఒళ్ళోకి జరిపారు. కొళాయి ఆగిపోయేదాకా అతను అక్కడే ఉన్నాడు. నా వంతు వచ్చినప్పుడు నన్ను కూడా చూశాడు. నేను నడుము నిటారుగా పెట్టుకుని చక్కగా నడిచాను. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారీ ఎందుకు గీయలేదని తర్వాతెప్పుడో మాస్టారిని అడిగాను.

"నేను చూస్తున్నానని తెలిసి నడుస్తావమ్మా నువ్వు" అన్నారు.

ఇంకో సంగతి నేను ముందే చెప్పవలసింది. ఇదుగో, ఇలాగే వరస తప్పుతోంది. పాలమ్మ మధ్యలో మాస్టారు లేచిపోయారన్నానే, ఆ సాయంత్రం నాకు ఒంట్లో బాగాలేక సినిమాకు వెళ్ళలేదు. ఆరింటికి బిందెతో కొళాయి దగ్గర ఉన్నాను. మాస్టారు రొప్పుతూ వచ్చి అదే మెట్టు మీద కూర్చున్నారు. నీళ్ళు ఆగిపోయేదాకా చూస్తూ ఉండిపోయారు. నా కళ్ళతో చూసిందే. ముకుందం ఆ లేచిపోవడం గురించి చెప్పినప్పుడు నాకిది గుర్తు రాలేదు. గుర్తొచ్చి చెప్పి ఉంటే అతను రెండు వారాలు అన్నం తినేవాడేమో. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

సభకు నేనూ వెళ్ళాను. ఇబ్రహీం నక్క పెళ్ళి పేరు చెప్పాడు. అందరూ నవ్వారు గాని, అది తొమ్మిదో స్థానంలో నిలిచింది. ముకుందాన్ని పిలిచారు. లేచి నిలబడి జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. మాస్టారు చివరి వరసలో ఉన్నారు. ముకుందం అటు చూడలేదు. కాగితాలు విప్పాడు. మళ్ళీ మడిచాడు.

మీ లెక్కలో అన్నిటికన్నా గొప్పది ఏది అని అధ్యక్షుడు రెండోసారి అడిగాడు.

"నేను ఇంకా చూడటం అవలేదండీ" అన్నాడు ముకుందం. కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నేను బిందె తీసుకుని వెళ్ళేసరికి మెట్టు మీద ఇద్దరున్నారు.

వసుంధరా, నువ్వు మా చెల్లెలి కోడలివైనా ఈ పని నీకే చెబుతున్నాను, తక్కినవాళ్ళు జాలిపడతారు. ఈ పేర్లు ఒకసారి సరిచూడు. కొళాయి దగ్గరావిడ కన్నియమ్మో మునియమ్మో నాకు పొద్దుటి నుంచి తేలడం లేదు. ఇబ్రహీం నంబరు నా డైరీ చివర ఉంది, అడుగు. పేరు తప్పైతే దిద్దు. నడక మాత్రం ముట్టుకోకు.