బొట్టు పెట్టని పిలుపు

అనగనగా అంటే ఎప్పుడో కాదమ్మడూ, మొన్నమొన్నే. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో మాణిక్యాంబ అని ఒకావిడ ఉండేది. ఒంటరి మనిషి. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళయింది. పోయేముందు తనకొచ్చిన పాటలన్నీ సెల్లులో పాడి కూతురికి మెయిలు చేసింది. అమ్మ గొంతు ఆ మెయిలు పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. రోజూ ఒక్క పాటైనా వినందే మాణిక్యాంబకి ముద్ద దిగేది కాదు. కాళ్ళాడించకే, విను.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకైనా అరవని వేళ, సెల్లు టింగుమంది. పక్కింటి నూకరత్నం పేరుతో మెయిలు. 'మా ఇంట్లో పెళ్ళి. ఇక్కడ నొక్కి శుభలేఖ చూడు' అని. మాణిక్యాంబకి ఒళ్ళు మండింది.

"గోడకవతల మనిషి! వచ్చి బొట్టు పెట్టి పిలవలేదూ? చోద్యం కాకపోతే!" అని దులిపేద్దామని వెళ్ళింది.

అప్పుడు చూస్తే ఏముంది? నూకరత్నం గడపలో కూలబడి ఉంది.

"పెళ్ళీ లేదు, పాడూ లేదు వదినా! మా తమ్ముడి పేరుతో ఇలాంటిదే వస్తే నొక్కాను. పాస్‌వర్డు అడిగితే కొట్టాను. ఇప్పుడు నా పెట్టె నాకే తెరుచుకోవట్లేదు. నా పేరేమో నేను లేకుండానే ఊరంతా తిరిగి అందర్నీ పిలుస్తోంది," అంది.

మనిషి ఇక్కడ, పేరు అక్కడ!

ఆ తర్వాత మర్నాడు, సరిగ్గా అదే వేళకి ఇంకోటి. మెయిలు కంపెనీ వాళ్ళమంటూ. 'సాయంత్రంలోగా ఇక్కడ పాస్‌వర్డు కొట్టకపోతే మీ పెట్టెలోవన్నీ చెరిపేస్తాం' అని. అయ్యో, అమ్మ పాటలు! పరుగున వెళ్ళి నూకరత్నానికి చూపించింది. చూపిస్తూనే నొక్కబోయింది. నూకరత్నం చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"అది చూపించిన దారిన వెళ్ళకు. రోజూ వెళ్ళే దారినే వెళ్ళి చూసుకో."

అలాగే చూసుకుంది. పాటలన్నీ పదిలం. అప్పుడు పాస్‌వర్డు మార్చేసింది. ఎరిగున్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి, ఏదొచ్చినా నొక్కొద్దని చెప్పింది.

మూడోనాడు మళ్ళీ అదే వేళ. టింగ్. ఈసారి ఎవరి పేరనుకున్నావ్? వాళ్ళమ్మది! ఆరేళ్ళుగా ఎవరూ తియ్యని అమ్మ పెట్టెలోంచి. 'మాణిక్యం, నేనే. ఇది నొక్కి లోపలికి రా' అని.

భయమేసిందా? ఇలా దగ్గరికి జరుగు.

దొంగెవడో దిక్కులేని ఆ పెట్టెలోనూ దూరాడని మాణిక్యాంబకి తెలుసు. తెలిసీ నొక్కాలనిపించింది తల్లీ. అమ్మ పేరు కదా మరి. భోరున ఏడ్చింది. ఏడుస్తూనే ఆ మెయిలు చెరిపేసింది. ఆ తర్వాత, అమ్మ పేరుతో ఇంకేదీ రాకుండా సెల్లులో కట్టడి చేసేసింది. అమ్మ గొంతు నిలుపుకోడానికి కన్నతల్లి పేరుకే తలుపేసిందమ్మా.

అప్పుడు పాట పెట్టుకుంది. మధ్యలో అమ్మ దగ్గు కూడా అలాగే ఉంది.

కథ నడిచె కంచికి,
కన్ను నడిచె నిద్దరికి,
గొళ్ళెం పెట్టు గుమ్మానికి!