వామి కరిగేదాకా తాటాకులు

కొండవాలు అడవిలో ఒక కట్టడి ఉండేది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ప్రతి జంతువూ ఏటా కొంత మేత ఉమ్మడి వామిలో దాచుకోవాలి, ముసలితనంలో తీసుకుని తినాలి. దాచిన రోజే రాజుగారి వాటా పోతుంది. వాటా ముట్టినట్టు సింహం గోరు గీసిన తాటాకు ఇస్తారు. తర్వాత ఆ ఆకు చూపించలేకపోతే సగం మేత జప్తు.

పళ్లరిగిన బోడెద్దు ఇక వామి మీదే బతకాలనుకుంటుండగా, వాటాలు వసూలుచేసే నక్క గుమాస్తా కొట్టానికొచ్చి, మూలనున్న తాటాకుల మూట చూసింది.

“ఏం మామా, ఈ ఎండు చెత్తంతా ఏమిటి? మూడేళ్లు దాటిన ఆకు ఎవడడుగుతాడు? అవతల పారెయ్!”

ఎద్దు తాపీగా నెమరేసింది. “ఆకులు పాతవే అల్లుడూ. గడ్డి ఇంకా వామిలోనే ఉందిగా?”

“నీ చాదస్తం నీది!” అంటూ నక్క వెళ్లిపోయింది.

పక్కనున్న మేక చుక్కమ్మ గొంతు తగ్గించింది. “అన్నా, నిరుడు నాకూ ఇదే చెప్పాడు. పారెయ్యడమెందుకని నమిలేశాను. ఆనక ‘వాటా కట్టిన ఆకేదీ?’ అంటూ సగం మేత లాక్కుపోయాడు.”

ఎద్దు తన మూట వంక చూసుకుంది. సగం పోతే వానలదాకా ప్రాణం నిలవదు. కాసేపు ఆలోచించి అడిగింది: “చెల్లీ, ఆకలిగా ఉందా?”

“మేకకి ఆకలి లేనిదెప్పుడన్నా?”

మర్నాడు నక్క అటుగా వచ్చేసరికి చుక్కమ్మ తాటాకులు కరకర నములుతోంది. ఎద్దు గగ్గోలు పెడుతోంది.

“నీ పొట్ట పగల! నా ఆకులన్నీ మింగేశావు కదే!”

“ఊరికే పడున్నాయి గదన్నా,” అంటూ మేక త్రేన్చింది.

నక్క ఒక్క పరుగున వామి పెద్ద ఏనుగు దగ్గరికి పోయింది. “పెద్దయ్యా, బోడెద్దు ఏనాడూ వాటా కట్టలేదు. సగం మేత జప్తు చెయ్యాలి. కట్టినట్టు ఒక్క ఆకు చూపించినా నా గుమాస్తాగిరీ వదిలేస్తాను!”

ఏనుగు కబురంపింది. ఎద్దు చుక్కమ్మను వెంటబెట్టుకుని మెల్లగా నడిచొచ్చి మూట దించింది. కోడెవయసు నాటి ఆకు మొదలు నిరుటిదాకా, అన్నిటి మీదా సింహం గోరే.

నక్క ఆకులన్నీ తిరగేసింది. “మరి... మేక తిన్నవో?”

“చెట్టుకింద రాలినవి బాబూ. చేదు!” అంది చుక్కమ్మ.

నిరుడు నక్క తనకు చేసిన మోసం కూడా ఏనుగుతో చెప్పింది. నక్క కొలువు ఊడింది. మేక దగ్గర లాక్కున్న మేతనంతా నక్క నెత్తినే మోయించింది ఏనుగు.

దారిలో చుక్కమ్మ ఆశగా అడిగింది: “అన్నా, పనైపోయిందిగా. ఇక ఆ ఆకులు...?”

“మూతి అటు తిప్పు! ఆఖరి మోపు తిన్నాక కూడా మూడేళ్లదాకా లెక్క అడగొచ్చు, అప్పటిదాకా ఆగాలి.”

నీతి: ముసలితనానికి దాచుకున్నది పూర్తిగా చేతికి అందేదాకా, ఆపైన కొన్నాళ్లు కూడా, దాని మీద పన్ను కట్టిన రసీదు పారెయ్యకూడదు.