సాంబవ్వ చెమ్మ

ఏ రాజు ఏలిన కాలమో నన్నడుగకుండ్రి, నాకేం తెలుసు! ఊకొట్టుండ్రి, చెప్తా.

అప్పట్ల సాంబవ్వ అని ఒక ముసలామె ఉండేది. బట్ట మీద కథల పటాలు గీసుడు ఆమె పని. ఆ పటాలు పట్టుకొని కథలు చెప్పేటోళ్లు ఊరూరు తిరిగేటోళ్లు. సాంబవ్వ గీసిన రాజు కనుబొమ్మలు ముడిస్తే పిల్లలు తల్లి కొంగు పట్టుకునేటోళ్లు. దొంగ మూతి వంకర చూస్తే పకపక నవ్వేటోళ్లు.

ఆమె పక్కింట్ల కొమురవ్వ ఉండేది. పాపం, ఒక్కగానొక్క కొడుకు జ్వరమొచ్చి పోయిండు. కొమురవ్వ తినలే, పండలే, ఏడ్వలే. "ఏడ్వకుంటే మనిషి దక్కదు" అన్నరు ఊరోళ్లు.

గప్పుడే కథలోళ్లు సాంబవ్వ దగ్గరికొచ్చి, కొడుకును పోగొట్టుకున్న ఒక రాణి పటం గీయమని అడిగిండ్రు. "ఇది చూసన్న ఏడుస్తదేమో" అనుకున్నది సాంబవ్వ. రాణి చెంపల మీద కన్నీళ్లు ధారలు ధారలు గీసి, కొమురవ్వకు చూపిచ్చింది.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగున్నదవ్వా." కొమురవ్వ ఏడ్వలే.

జుట్టు విరబోసి, నోరు తెరిచి ఇంకో రాణిని గీసింది.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగున్నదవ్వా." ఏడ్వలే.

"నా చెయ్యి పడిపోను!" అని తనను తానే తిట్టుకున్నది సాంబవ్వ. కుంచె పక్కకు పెట్టి, కొమురవ్వ మొఖం చూసుకుంట కూసున్నది. కండ్లు పొడిగున్నయి. పెదవులు బిగబట్టి ఉన్నయి. వాకిట్ల ఏ పోరడు "అమ్మా" అని పిలిచినా కనుబొమ్మలు లేస్తున్నయి, మళ్ల పడుతున్నయి.

సాంబవ్వ అదే గీసింది. లేచిన కనుబొమ్మలు, బిగిసిన పెదవులు. ఒక్క కన్నీటి బొట్టు పెట్టలే.

కొమురవ్వ చూసింది. శానాసేపు చూసింది.

"అవ్వా, ఈమెకు కొడుకు పిలిచినట్టైంది!" అన్నది. పటం మీద పడి బోరున ఏడ్చింది. సాంబవ్వ గూడ ఏడ్చింది.

ఏడుపు తీరినంక చూస్తే, రాణి చెంప మీద రంగు కరిగి మసకైంది.

"అయ్యో, నీ పటం ఖరాబు చేస్తినవ్వా!"

"ఉండనీ బిడ్డా. నాకు గీయరానిది నువ్వు గీసినవ్."

ఆ పూట కొమురవ్వ ఇంత జొన్న గటక తిన్నది.

సాంబవ్వ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ దిక్కు పటాలోళ్లు ఏ తల్లి దుఃఖం గీసినా కన్నీళ్లు పెట్టరు. తడివేలుతోని చెంప మీద ఒక్కసారి అద్దుతరు. దాన్ని 'సాంబవ్వ చెమ్మ' అంటరు. ఏ ఇంట్లనన్న ఏడ్వలేక బిగుసుకపోయిన మనిషి ఉంటే, తీసుకొచ్చి ఆ పటం ముంగట కూసోబెడుతరు. అక్కడ ఎవ్వరూ "ఊకో, ఏడ్వకు" అనరు.