తోడుకొండ స్వామి, ముంతెడు నీళ్ళు

సిద్దరాళ్ళపల్లెకు పడమట కనిపించే నల్లని రాతికొండే తోడుకొండ. అక్కడ చెట్టునీడ తక్కువ. దారి పొడవునా బోడిబండలు, వాటి మధ్య లోతైన నెర్రెలు. తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టినవారు పొద్దు గూకేలోగా దిగి రావాలి. స్వామి సన్నిధి శిఖరం మీద లేదు. శిఖరానికి కొంత దిగువన, గద్దమలుపు అనే చోట ఉంది. అక్కడికి చేరిన భక్తుణ్ణి పూజారి గోత్రనామాలు అడగడు. "మీ వెనక ఇంకెవరున్నారు?" అని అడుగుతాడు. కారణం తెలియనివారు విసుక్కుంటారు. తెలుసుకున్న తరువాత ఎవరూ విసుక్కోరు.

పూర్వం ఈ కొండ పాదాన సుంకన్న అనే గొర్రెలకాపరి ఉండేవాడు. ఒక ఏడు అతని మందకు తెగులు సోకింది. ఏ గొర్రె కాళ్ళు చాచి పడి ఉందోనన్న భయంతో, పొద్దున్నే దొడ్డి తడిక తీయడానికి అతడు జంకేవాడు. మంద పోతే ఆ ఇంటికి వేరే బ్రతుకుతెరువు లేదు. అటువంటి దినాల్లో గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన అతనికి కలలో కనబడ్డాడు. "కొండమీద ఉన్నాను. మీ అక్కను తోడు తెచ్చుకో. పొద్దు గూకకముందే నా నెత్తిన నీళ్ళు పోస్తే నీ మంద నిలుస్తుంది" అని చెప్పాడు.

అక్క పేరు మద్దమ్మ. తల్లి లేని తమ్ముణ్ణి పెంచినది ఆమే. చిన్ననాడు బండ మీదినుంచి జారిపడినందున ఒక కాలు ఈడ్చి నడిచేది. సుంకన్న సొరబుర్ర నిండా నీళ్ళు నింపి భుజాన తగిలించుకున్నాడు. మద్దమ్మ కంచుముంతను కొంగున కట్టుకుంది. ఇద్దరూ తెల్లవారగానే బయలుదేరారు.

మొదటినుంచీ సుంకన్న కన్ను పొద్దు మీదనే ఉంది. పది అడుగులు వేసి వెనక్కి చూస్తే ఆమె ఇంకా వెనకటి బండ దగ్గరే ఉండేది.

"బిరీన రా అక్కా! పొద్దు మనకోసం నిలబడుతుందా?"

"నీ తొందర నాకు కొత్తదా ఏందిరా? పెండ్లినాడు తాళి కట్టకముందే సంగటి ముందర కూచున్నోడివి!"

మరో రోజైతే అతడు నవ్వేవాడే. ఆనాడు నవ్వు రాలేదు. అడుగడుక్కీ అతని నీడ కురచవుతూ వచ్చింది. ఇంటివద్ద ఈపాటికి ఇంకెన్ని పడిపోయాయో అన్న తలపే అతణ్ణి ముందుకు తోసింది. గద్దమలుపు చేరేసరికి నీడ కాళ్ళ కిందికి వచ్చేసింది.

"నువ్వు ఈడనే కూచో. నేను పైకి పోయి పోసొస్తా."

"తోడు తెచ్చుకోమన్నాడు గదరా ఆయన?"

"తెచ్చినా గదా, ఈడిదాకా!"

"బుర్ర నీ భుజాన, ముంత నా కొంగున. ఎట్ల పోస్తావు?"

"దోసిట్లో పోస్తాలే!" అంటూ అతడు వెళ్ళిపోయాడు.

పెద్దల ఆజ్ఞలో తనకు అనువైనది పాటించి, అనువుగానిది వదిలేయడం మనిషికి ఉన్న చెడ్డ అలవాటు. సుంకన్న చేసినది అదే.

శిఖరం మీద గాలి తప్ప ఏమీ లేదు. విగ్రహం లేదు, బొట్టు పెట్టిన రాయి అయినా లేదు. దేవుడంటే అన్నిటికంటే ఎత్తునే ఉంటాడని అతడు తనకు తానే అనుకున్నాడు గాని కలలో ఎవరూ అలా చెప్పలేదు. బండబండా తడిమి చూశాడు. వెతుకుతూండగానే పొద్దు పడమటికి ఒరిగింది. అరచేతులు కాలి నోరెండింది. బుర్ర బిరడా మీద చెయ్యి వేసినప్పుడు తట్టింది, అక్క దగ్గర చుక్క నీళ్ళు లేవని.

"అక్కా!" అని కేకవేశాడు. కొండ ఆ కేకనే తిరిగి ఇచ్చింది. పడుతూ లేస్తూ దిగివచ్చాడు. ఆమెను వదిలిన చోట ఆమె లేదు. ఇటు లోయ, అటు నెర్రె. ఎటు చూడడానికీ అతనికి ధైర్యం చాలలేదు. అంతలో రాతి మీద కంచు తాకిన చప్పుడు సన్నగా వినిపించింది. నీడ కోసం పక్కకు జరగబోయి మద్దమ్మ నెర్రెలోకి జారింది. నడుములోతున చిక్కుకొని, అరవడానికి గొంతులో తడి లేక ముంతతో బండను కొడుతోంది.

సుంకన్న దిగి ఆమెను పట్టుకున్నాడు. బుర్ర తీశాడు. తీసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అవి మొక్కుబడి నీళ్ళు. మనిషి నోరు తగిలితే ఎంగిలి. మొక్కు చెడితే మంద చస్తుంది.

మద్దమ్మకు అతని మనసు తెలిసింది. "స్వామికి దప్పికైతే వాన కురిపించుకుంటాడు. నాకెవరు కురిపిస్తార్రా?" అంది, వినీ వినబడకుండా.

సుంకన్న సిగ్గుతో తల దించుకొని ముంత నింపాడు. తాగేముందు నేలతల్లికి ఒక చుక్క వదలడం ఆ కాపరుల ఆచారం. అక్కడ నేల లేదు. ప్రాణం పోతున్నా ఆచారం తప్పని ఆ మనిషి, తన తల పక్కనున్న బండ మీదే కొంత ఒలికించింది. తడిసిన రాయి నల్లబడింది. ఆ నలుపులో తెల్లని గీతలు తేలాయి. గొంగడి కప్పుకొని, మోకాళ్ళ మీద కర్ర పెట్టుకొని కూర్చున్న ముసలాయన!

"ఈయనే అక్కా" అన్నాడు సుంకన్న. అంటూండగానే ఎండకు తడి ఆరి రూపు మాయమైంది.

మద్దమ్మ తాగింది. మిగిలినవి ఇద్దరూ కలిసి స్వామి నెత్తిన పోశారు. అప్పటికింకా బారెడు పొద్దుంది. అక్కను నెర్రెలోంచి పైకి లాగి, వీపున మోసుకొని అతడు కొండ దిగాడు.

మరునాడు తడిక మీద చెయ్యి వేసి సుంకన్న చాలాసేపు నిలబడ్డాడు. తీసి చూస్తే అన్నీ లేచి నిలబడి ఉన్నాయి. పోయినవి తిరిగి రాలేదు. ఆ తరువాత ఒక్కటీ పోలేదు.

నేటికీ ఈ కొండెక్కే ప్రతి బృందంలో నీళ్ళు బలమైనవారు మోస్తారు, ముంత మాత్రం అందరికంటే మెల్లగా నడిచేవారి చేతిలో ఉంటుంది. ముంత లేనిదే ఎవరూ తాగరాదు, దాన్ని దాటి ముందుకు పోరాదు. అభిషేకం ఆ చేతితోనే, మొదటి తీర్థం వారికే. ఈ నియమం పాటించినవారి ఇళ్ళలో పశుసంపద నిలుస్తుందనీ, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ మధ్య ఎడబాటు రాదనీ భక్తుల నమ్మకం. నియమం మీరి ముందు చేరినవారు ఎంతసేపైనా ఆ ఎండలో కూర్చొని దారి వైపు చూడవలసిందే. వెనకబడినవారు ముంతతో వచ్చి నీళ్ళు పోసేవరకు అక్కడ ఉండేది వట్టి రాయి.