గాలికి పక్క వేసిన తెరచాప

ఒకప్పుడు గాలికి పోవడమే తెలుసు, తిరిగి రావడం తెలీదు. కొండ దిగేది, ఊరు దాటేది, ఇసక దాటి సముద్రం మీదకి పోయేది. లోకమంతా చుట్టి, మళ్లీ ఆ కొండ వెనక నుంచే దిగేది.

అందుకని జాలర్లు పొద్దున్నే తెరచాప ఎత్తితే చాలు, పడవ కొంగలా సాగిపోయేది. రావడమే కష్టం. చాప చుట్టేసి, ఎదురుగాలిలో తెడ్లు వెయ్యాలి. భుజాల తోలు ఊడిపోయేది. కొందరు వచ్చేవాళ్లు. కొందరు రానేలేదు.

ఆ తీరంలో మసేనమ్మ అనే ముసలమ్మ తెరచాపలు కుట్టేది. బియ్యపు గింజ కన్నా పొడుగు కుట్టు కంటబడితే, అది ఎవరు వేసిందైనా సరే, విప్పించేది. "ఇది కుట్టేనా, కోడి గీకిందా?" అనేది. ఆమె కుట్టిన చాప పడవకి రెక్క. పాతబడితే ఎండకి పందిరి. ఇంకా నలిగి మెత్తబడితే చంటిపిల్లకి ఉయ్యాల. ఒక్క పీలిక కూడా పారెయ్యనిచ్చేది కాదు.

ఆమె గాలితో మాట్లాడి పన్నెండేళ్లయింది. పెనిమిటి పడవని తోసుకుపోయి మళ్లీ తేలేదని కోపం. గాలి గుమ్మంలోకి వస్తే మొహం మీదే తలుపేసేది. ఆయన కోసం కుట్టిన కొత్త చాప మాత్రం పెట్టెలో మడతపెట్టి ఉంచింది. ఎవరడిగినా ఇవ్వలేదు. "ఆయనొచ్చి ఎత్తుకుంటాడు" అనేది.

ఒకరోజు అల్లుడు ఎల్లాజీ పడవ రాలేదు. రెండో రోజూ రాలేదు. కూతురు పైడమ్మ ఇసకలో కూలబడి నీళ్లకేసే చూస్తోంది. మసేనమ్మ పందిట్లో మనవరాలి ఉయ్యాల ఊపుతోంది.

సందెవేళ ఆకాశం శంఖం లోపలి రంగులో మెరుస్తోంది. గాలి చప్పుడు లేకుండా పందిట్లోకి వచ్చింది. నిద్రపోతున్న పిల్లని చూసి అలాగే నిలబడిపోయింది.

"మామ్మా, ఈ చాప నేను నింపిందే కదా?"

మసేనమ్మ అటు తిరిగి ఉయ్యాల ఊపుతూనే ఉంది.

"ఇందులో పడుకుంటే అంత హాయిగా ఉంటుందా? పుట్టిందగ్గర్నుంచి నేను కన్ను మూయలేదు."

ఆమె ఇక పట్టలేకపోయింది. "నిద్ర కావాలా నీకు! నా ఇంటాయన్ని పట్టుకుపోయావు. ఇప్పుడు అల్లుణ్ణి పట్టుకుపోయావు. తోసుకుపోయినదానికి తీసుకురావడం తెలీదేటి?"

గాలి తల దించుకుంది. "మీకు ఇల్లుంది, పక్కుంది. అందుకే తిరిగొస్తారు. నేనెక్కడికి తిరిగి రాను, మామ్మా?"

ఉయ్యాల ఆగిపోయింది. పన్నెండేళ్లలో ఈ మాట ఆమెకి ఒక్కసారీ తట్టలేదు. ఇసకలో కూర్చున్న కూతురి వీపుకేసి చూసింది. లేచి లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. కొత్త చాప మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తియ్యలేక చాలాసేపు నిలబడింది.

తర్వాత దాన్ని తెచ్చి, రెండు గుంజల మధ్య పెద్ద ఉయ్యాలలా కట్టింది.

"ఇదిగో నీ పక్క. ఎల్లాజీని తెచ్చాకే ఎక్కాలి. దుమ్ము కాళ్లతో ఎక్కావంటే ఊరుకోను. సముద్రంలో కడుక్కుని మరీ రా."

"అయితే నా మీద కోపం పోయినట్టేనా?"

"ఎవరన్నారు? పక్క వేశాను, అంతే. నడు!"

గాలి నీళ్ల మీద వెతుక్కుంటూ పోయింది. ఎక్కడో దూరాన, అలలు మబ్బుల్లా మెత్తగా కదిలేచోట, ఎల్లాజీ తెడ్డు మీద తలపెట్టి సొమ్మసిల్లి ఉన్నాడు. గాలి మొదటిసారి వెనక్కి తిరిగింది. చుట్టిన చాప దానంతటదే విచ్చుకుని, గట్టువైపు పొంగింది. కళ్లు తెరిచి, కల కాబోలనుకున్నాడు ఎల్లాజీ.

మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ ఉలిక్కిపడింది. ఎప్పుడూ సముద్రం వైపే ఎగిరే ఆమె జుట్టు ఊరివైపు ఎగిరింది. లేచి చూస్తే, నీళ్ల అంచున తెల్లగా తెరచాప!

పడవ గట్టెక్కింది. జనం కేకలు పెట్టారు. గాలి కాళ్లు కడుక్కుని, తడి తడిగా పందిట్లోకి వచ్చి చాపలో ఒరిగింది.

"ష్!" అంది మసేనమ్మ, అటు మొహం తిప్పుకునే. "అరవకండర్రా. ఇప్పుడే కళ్లు మూసింది."

అప్పటినుంచే గాలి తెల్లారకముందే గట్టు మీద నుంచి సముద్రంలోకి పోయి, మధ్యాహ్నం దాటాక తడికాళ్లతో, ఉప్పు వాసనతో తిరిగొస్తుంది. సందెవేళ కాసేపు ఒక్క ఆకు కూడా కదలదు.