వెయ్యిన్ని తొమ్మిదో పెంకు

ఈ కథ మీరెప్పుడూ వినలేదర్రా. ఇన్నాళ్ళూ చెప్పకపోవడం నాదే తప్పు. రండి, దగ్గరికి జరగండి.

అనగనగా వాగు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడయ్య అని ఇంటి పెంకులు చేసే కుమ్మరి. అతనికి నూకాలు అని ఏడేళ్ళ కూతురు.

ఆ ఊరి కుమ్మర్లకి ఒక ఆచారం ఉండేది. పచ్చి పెంకులు ఎండాక, ఆవంలో పెట్టి కాల్చేముందు, వాకిట్లో సమానమైన వరుసలుగా పేర్చాలి. వరుసల్లో ఇమడక ఒక్క పెంకు మిగిలినా సరే, అది ఆవంలోకి పోకూడదు. పోతే తక్కినవన్నీ పగిలిపోతాయని వాళ్ళ భయం. మూడుసార్లు పేర్చి చూడొచ్చు, అంతే.

ఒకనాడు పైడయ్య ఎండిన పెంకులు లెక్కపెట్టాడు. వెయ్యిన్ని తొమ్మిది తేలాయి. అప్పుడు వరుసకి ఏడేసి పేర్చాడు. ఒకటి మిగిలింది. ఆ తర్వాత ఎనిమిదేసి పేర్చాడు. ఒకటి మిగిలింది. ఆ తర్వాత తొమ్మిదేసి. మళ్ళీ ఒకటే! మూడుసార్లూ మిగిలింది కుప్ప చివరున్న ఒక వంకర పెంకే.

"దీని మొహం మండ, ఎక్కడా ఇమడదు" అని విసుక్కున్నాడు.

నూకాలు అతని చెయ్యి పట్టుకుంది. "నాన్నా, అన్నీ కలిపి ఒకే వరుస పెడితే?"

"ఒకే వరుసా! వాగులో దిగి పేర్చమంటావా ఏంటే, పిచ్చిమొహమా?" అని నవ్వాడు. నవ్వుతూనే ఆ పెంకుని మట్టి నానబెట్టే గుంటలోకి విసిరేశాడు.

నూకాలు ఏడవలేదు. గుంట వైపే చూసింది. "అది నేను చేశాను నాన్నా. మనింటి మీద వేస్తావని."

పైడయ్య గుంటలోకి దూకాడు. పెంకు దొరికింది. దాని లోపల నాలుగు చిన్న వేళ్ళ గుర్తులు. చూస్తుండగానే అవి బురదై అతని చేతుల్లోంచి జారిపోయాయి.

"ఇంకోటి చేద్దాం తల్లీ" అన్నాడు.

"వద్దులే నాన్నా" అంది. ఇక ఎప్పుడూ మట్టి ముట్టలేదు.

ఆ తర్వాత పైడయ్య చింతగింజలు ముందేసుకుని ఏళ్ళ తరబడి ఆ అంకెతో కుస్తీ పట్టాడు. పదకొండేసి పెడితే ఎనిమిది మిగిలాయి. పంతొమ్మిదేసి పెడితే రెండు. ముప్పై ఒకటేసి పెడితే పదిహేడు. ఎలా పేర్చినా ఏదో మిగిలేది. ఆ అంకె తీరే అంత. దాన్ని సమానమైన వరుసలుగా ఎవరూ విడదీయలేరు. అందులో పెంకు తప్పేమీ లేదు. అన్నిటినీ ఒకే వరుసలో నిలబెడితే మాత్రం ఒక్కటీ మిగలదు. ఏడేళ్ళ పిల్ల ఆ మాట ఆనాడే చెప్పింది.

నూకాలు అత్తారింటికి వెళ్ళిపోయాక, ముసలి పైడయ్య ఒకరోజు పెంకులన్నీ ఒకే వరుసగా పేర్చాడు. వరుస నిజంగానే వాగు దాకా పోయింది. చివర ఒక పెంకు పట్టేంత చోటు ఖాళీగా వదిలి, దాని పక్కన కూర్చున్నాడు.

"ఈ ఖాళీ చోటెవరిది తాతా?" అని దారిన పోయేవాళ్ళు అడిగారు.

"మా అమ్మాయిది" అన్నాడు.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన కంటి దారి పట్టింది.

రేపు మీ పిల్లలకి మీరూ చెప్పండర్రా. నూకాలు పేరు మాత్రం మర్చిపోకండి.